నవలకో సిలబస్

"మీ పాప ఏ క్లాసండీ?"

మెట్రోలో నేను పుస్తకం తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. ఉప్పల్‌లో ఎక్కుతాను, బేగంపేటలో ఆఫీసు దగ్గర దిగుతాను. ఆ మధ్య ఉన్న సమయమంతా నాది. ఆడవాళ్ల పెట్టెలో తలుపు పక్కన ఆనుకుని నిలబడి, పదహారేళ్ల పిల్ల ఒకతి అమ్మతో గొడవపడి బస్టాండులో ఒంటరిగా కూర్చున్న ఘట్టంలో ఉంటాను. ఊపిరి బిగబట్టుకుని ఉంటాను. సరిగ్గా అప్పుడే పక్కావిడ అట్ట మీది బొమ్మ చూసి, నా తెల్లజుట్టు చూసి, ఎంతో ప్రేమగా అడుగుతుంది. నాకు పాపా లేదు, బాబూ లేడు. అసలు పెళ్లే చేసుకోలేదు. యాభై మూడేళ్లు వచ్చాయి. ఈ పుస్తకం నాది, నాకోసమే కొన్నాను, నేనే చదువుతున్నాను అని చెబితే ఆవిడ ముఖంలో ప్రేమ పోయి జాలి వస్తుంది. ప్రేమనైనా భరిస్తాను గానీ ఆ జాలిని భరించలేను.

ఆఫీసులో ఇంకో రకం. "మేడం, ఈ వయసులో ఏదైనా ఆధ్యాత్మికం చదవండి, మనసు ప్రశాంతంగా ఉంటుంది" అని సలహాలు. ఎవరడిగారమ్మా ప్రశాంతత? నాకు కోపం కావాలి, ఏడుపు కావాలి, మొదటిసారి అబద్ధం చెప్పినప్పుడు కడుపులో కలిగే ఆ భయం కావాలి. అవన్నీ పదిహేను, పదహారేళ్ల పిల్లల కథల్లోనే ఉంటాయి. పెద్దవాళ్ల నవలల్లో మనుషులు అన్నీ తెలిసినట్టు నిట్టూరుస్తూ కూర్చుంటారు.

ఇంగ్లిషులో వీటిని యంగ్ అడల్ట్ నవలలు అంటారు. తెలుగులో సరైన పేరు ఇంకా కుదరలేదు. "కౌమార సాహిత్యం" అని ఎవరో అన్నారు, వింటే దవాఖానాలో వార్డు పేరులా ఉంది. పుస్తకాల షాపుకు వెళ్తే పిల్లల అరలో ఏనుగు, కుందేలు. పెద్దల అరలో విడాకులు, విప్లవాలు. మరి పదిహేనేళ్ల మనిషి ఏ అర దగ్గర నిలబడాలి? అడిగితే షాపాయన పర్సనాలిటీ డెవలప్‌మెంట్ వైపు చెయ్యి చూపిస్తాడు. మనకు ఆ వయసు మీద అంత నమ్మకం. ఆ వయసంటే మరమ్మతు చెయ్యాల్సిన జబ్బని మన ఉద్దేశం.

నా అభిమాన రచయితల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే వెంటనే "ఏం అవార్డు వచ్చింది?" అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. ఒకావిడ ఎక్కడో మంచు దేశంలో ఉంటుంది. ఆవిడ కథల్లో ఆడపిల్లలందరికీ ముక్కు మీదే కోపం. ఒక్కతి కూడా చివరి పేజీకి మెత్తబడి అందరి కాళ్లకూ దండం పెట్టదు. అందుకే ఆవిడంటే నాకు ప్రాణం. ఇంకొకాయన హాస్టల్ పిల్లల గురించి తప్ప ఇంకేదీ రాయడు. ఆయన పుస్తకంలో అన్నం గంట మోగితే నాకు నిజంగా ఆకలేస్తుంది. మూడో ఆవిడ మన తెలుగావిడే. మూడు నవలలు రాసి ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నావమ్మా అని ఎవరైనా అడిగారో లేదో తెలియదు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు.

ఆవిడ రాసిన రెండో నవల నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఒక చిన్న రైల్వే జంక్షన్ ఊళ్లో పదహారేళ్ల అమ్మాయి. వాళ్లమ్మ మెస్ నడుపుతుంది. ఈ అమ్మాయికీ ప్రాణ స్నేహితురాలికీ ఓ చిన్న విషయం మీద మాట పట్టింపు వస్తుంది. వానాకాలం మొత్తం ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకరోజు ఈ అమ్మాయి క్లాసులోని ఒక అబ్బాయి సైకిలెక్కి, పొంగిన వాగు చూడటానికి వెళ్తుంది. ఇద్దరూ మొక్కజొన్న కంకి తిని తిరిగొస్తారు. ఏమీ జరగదు. కానీ ఎక్కడికెళ్లావని అమ్మ అడిగితే మొదటిసారి అబద్ధం చెబుతుంది. చివరికి స్నేహితురాలి నాన్నకు బదిలీ అవుతుంది. రైలు కదిలిపోతుంది. అప్పటికీ ఇద్దరూ మాట్లాడుకోరు. అంతే కథ. ఇందులో నీతి లేదు, ఎవరూ మారరు, ఎవరూ మొదటి ర్యాంకు తెచ్చుకోరు.

నేను ఆ నవల మొదటిసారి చదివింది ముప్పై దాటాక. చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాక్కూడా పదహారేళ్లు అనేవి ఒకప్పుడు ఉండేవని అప్పుడు గుర్తొచ్చింది. ఆ వయసులో నేను ఎంసెట్ గైడ్ల మధ్య ఉన్నాను. వాన పడిందో లేదో కూడా నాకు తెలియదు. అందుకే ఇప్పుడు చదువుతున్నాను. ఎవరికి ఇష్టమున్నా లేకపోయినా చదువుతాను.

మా అపార్ట్‌మెంట్ నాచారం వైపు, ఉప్పల్ పారిశ్రామికవాడ గోడలు దాటాక వస్తుంది. రైల్వేవాళ్లు, లేబొరేటరీల్లో పనిచేసేవాళ్లు, రిటైరైనవాళ్లు. అందరూ చదువుకున్నవాళ్లే. ఇంతమంది చదువుకున్నవాళ్ల మధ్య నాతో పుస్తకం గురించి మాట్లాడగల మనిషి ఒక్కతే దొరికింది, నా పై అంతస్తు పిల్ల. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు లిఫ్ట్ పనిచేయక మెట్లెక్కుతూ, నా తలుపు తెరిచి ఉంటే లోపలి అరలు చూసి ఆగిపోయింది. "ఇవన్నీ మీవేనా ఆంటీ?" అంది. "మీ పాపవా?" అనలేదు. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను.

వాళ్ల నాన్న రైల్వేలో సిగ్నల్స్ ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పిల్ల ఇంట్లో కోస్తా మాట, మెట్ల మీదికి రాగానే హైదరాబాద్ మాట. మా పుస్తకాల కబుర్లన్నీ ఆ మెట్ల మీదే. పుస్తకం ఇస్తే ఇంటికెళ్లేదాకా ఆగేది కాదు, అక్కడే నిలబడి మొదటి పేజీ చదివేసేది. ఆ రైల్వే జంక్షన్ నవల ఇచ్చిన మూడో రోజున ధడధడా దిగొచ్చి నా మీద విరుచుకుపడింది.

"ఏంది ఆంటీ గిది! ఆమె ఎందుకు మాట్లాడలే? ఒక్క మాటంటే అయిపోవు గదా! రైలు ఎళ్లిపోయింది!"

"నన్నెందుకు తిడ్తవే, నేను రాసిన్నా?"

"మీరే గదా ఇచ్చిన్రు. నాకు రాత్రి అన్నం గూడ తినబుద్ధి కాలే."

మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి నెమ్మదిగా మెట్టు మీద కూర్చుంది. "నాకు దెల్సింది ఆంటీ. ముందు తనే మాట్లాడితే ఏడుపొస్తది. ఆ పిల్ల ముందర ఏడ్వొద్దని మాట్లాడలే" అంది. ఇరవై ఏళ్లుగా ఆ నవల చదువుతున్నదాన్ని, ఆ ముక్క నాకు తట్టలేదు. పిల్లను పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

పదో తరగతి పరీక్షలైపోయాయి. ఇక మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. పిల్లకు ఇంటర్ అంటే ఇంటిల్లిపాదికీ దీక్ష. టీవీ అటకెక్కుతుంది. చుట్టాలను రావద్దని ఫోన్లు చేస్తారు. వచ్చినవాళ్లు కూడా గుసగుసగా మాట్లాడి, టీ తాగి, చెప్పుల చప్పుడు కాకుండా వెళ్లిపోతారు. ఆ దీక్షలో భాగంగా ఒక సాయంత్రం పిల్ల నాన్న నా తలుపు కొట్టాడు. చేతిలో సంచి, సంచి నిండా నా పుస్తకాలు. వెనకాల పిల్ల తలొంచుకుని నిలబడింది.

"ఏమీ అనుకోకండి మేడం గారూ. అమ్మాయికి ఇంటర్ అండీ. కథల పుస్తకాలు చెడ్డవని నేననట్లేదు. టైము తినేస్తాయి. ఈ రెండేళ్లు కళ్లు మూసుకుంటే తర్వాత జీవితమంతా చదువుకోవచ్చు."

"రెండేండ్లు కండ్లు మూసుకున్నోళ్లు మల్ల తెరుస్తరని ఏం గ్యారంటీ సార్? నన్ను జూడండి, నాకు పదిహేనేండ్లు పట్టింది" అన్నాను. ఆయన మర్యాదస్తుడు, నవ్వి ఊరుకున్నాడు. సంచి మాత్రం గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

సరిగ్గా ఆ వారమే మా అసోసియేషన్ సెక్రటరీ నా దగ్గరకు వచ్చాడు. ఒక పెద్ద ప్రైవేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. కలుపుగోలు మనిషి, ఎవరింట్లో నీళ్లు రాకపోయినా పరుగెత్తుకొస్తాడు. నన్ను అక్కా అంటాడు.

"అక్కా, ఈసారి సమ్మర్ క్యాంపుల రీడింగ్ పోటీ పెడ్తున్నం. పోరగాండ్లు ఫోన్లల్ల పడి ఖరాబైతున్నరు. నువ్వు గీ పిల్లల నవలలు మస్తు సదువుతవ్ గదా, ఒక మంచిది జెప్పు. అందరితోని అదే సదివిపిద్దాం."

నా ఆనందం ఏమని చెప్పను! ఇన్నేళ్లలో మొదటిసారి ఒక మనిషి వచ్చి నన్ను ఒక పుస్తకం అడిగాడు. పిల్లలంతా సెల్లార్‌లో గుండ్రంగా కూర్చుని, ఆ అమ్మాయి మాట్లాడాల్సిందా వద్దా అని కొట్టుకుంటున్నట్టు అప్పుడే కళ్లముందు కనిపించింది. వెనకాముందూ చూడకుండా నా దగ్గరున్న ఆ నవల తీసి చేతిలో పెట్టాను. బయట దొరకదు, జాగ్రత్త అని చెప్పాను. "ఫికర్ జెయ్యకక్కా, ఉప్పల్‌ల జిరాక్స్ తీపిస్త, నీది నీకు తెచ్చిస్త" అన్నాడు.

ఈ సంగతి పై అంతస్తుకు చేరింది. పిల్ల వాళ్ల నాన్నతో బేరం పెట్టింది. పోటీ అనే మాట వింటే ఆయనకూ ప్రాణం లేచొస్తుంది. మాట ఇచ్చాడు. పోటీలో మొదటి స్థానం వస్తే ఇంటర్ రెండేళ్లూ నెలకొక కథల పుస్తకం చదువుకోవచ్చు. రాకపోతే ఆ రెండేళ్లూ కథ అన్న మాట ఎత్తకూడదు. పిల్ల గంతులేసుకుంటూ దిగొచ్చింది. "ఆంటీ, నాకు ఆ నవల మొత్తం వచ్చు గదా! నెలకొకటి ఆంటీ! ఏమేం సదవాల్నో ఇప్పుడే తీసి పెట్టున్రి!" ఇద్దరం అర ముందు కూర్చుని జూన్ నెలకు మంచుదేశం ఆవిడ పుస్తకం ఒకటి ఎంచాం.

తర్వాతి వారం సెక్రటరీ నా నవల నాకిచ్చి, జిరాక్స్ ప్రతి ఒకటి చూపించాడు. స్పైరల్ బైండింగ్. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట, దాని కింద పెద్ద అక్షరాలతో "మెటీరియల్" అని. నవల పేరు చిన్నగా ఆ కింద ఉంది. రాసినావిడ పేరు ఎక్కడా లేదు. పట్టుకుంటే తేలిగ్గా ఉంది.

"ఏంది తమ్మీ, గింత సన్నగున్నది?"

"డిలీటెడ్ చాప్టర్లు తీసేసినం అక్కా."

"డిలీటెడ్ ఏంది? ఎవరు డిలీట్ జేసిన్రు?"

"నేనే. సైకిల్ చాప్టర్ ఉన్నది గదా, వాగు కాడికి పోయేది. పోరని సైకిలెక్కుడు, అమ్మకు అబద్ధం జెప్పుడు... పేరెంట్స్ ఊకోరక్కా. ఇంకో రెండు చాప్టర్లల్ల ఉత్త వానే ఉన్నది, బిట్లు పడయి. అందుకే తీసేసిన. సిలబస్ జర తక్కువుంటే పిల్లలకు గూడ ఈజీ అయితది."

"నవలకు సిలబస్ ఏందయ్యా!" అని అరిచాను. మెట్ల మీద వెళ్తున్నవాళ్లు ఆగి చూశారు. "బిట్లేంది? నవలల బిట్లు పడుడేంది?"

ఆయన ఏమాత్రం కోపగించుకోకుండా విప్పి చెప్పాడు. ఆబ్జెక్టివ్ పరీక్ష పెడతారట. ఓఎంఆర్ షీట్లు కాలేజీ నుంచి మిగిలినవి ఉన్నాయట. తప్పుకు నెగెటివ్ మార్కులుంటాయట, లేకపోతే గుడ్డిగా పెట్టేస్తారట. వ్యాసం రాయిస్తే దిద్దడానికి మనుషులు లేరట, పైగా పక్షపాతం చూపించారని తల్లిదండ్రులు గొడవకొస్తారట. ఇందులో అయితే గొడవ ఉండదు. మనిషిలో ఒక్క చెడ్డ ఉద్దేశం లేదు. అందుకే నాకు ఇంకా మండింది. చెడ్డవాడైతే తిట్టి తలుపు వేసుకునేదాన్ని.

నా చెయ్యి పట్టుకుని నన్ను అడ్డం పడనివ్వనిది ఒక్కతే, పై అంతస్తు పిల్ల. నేను నవల వెనక్కి లాక్కుంటే పోటీ పోతుంది, పోటీ పోతే పిల్లకు రెండేళ్లు పోతాయి. పళ్లు కొరుక్కుంటూ నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

అపార్ట్‌మెంట్ అంతటా పాఠం మొదలైంది. ఏ బాల్కనీ దగ్గర నిలబడ్డా నా నవలే వినపడేది, అదీ బిట్లు బిట్లుగా. పిల్ల నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బూట్లైనా విప్పకుండా అప్పజెప్పించుకునేవాడు. ఆయన మెటీరియల్ మొత్తం తానే ముందు చదివేశాడు, అదేదో సిగ్నల్స్ మాన్యువల్ చదివినంత శ్రద్ధగా.

"మెస్‌లో మంగళవారం ఏం కూర?"

"దోసకాయ పప్పు."

"స్నేహితురాలి నాన్న ఏ ఊరికి బదిలీ అయ్యాడు? ఆ ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చింది?"

"రెండుసార్లు నాన్నా."

ఎన్నిసార్లు వచ్చిందట! ఆ ఊరి పేరు రెండోసారి వచ్చినప్పుడు నేను పుస్తకం మూసేసి నీళ్లు తాగి వచ్చాను. ఆ పేరు వింటే ఆ అమ్మాయి గుండె ఏమైందో అడుగు నాయనా, లెక్క ఎందుకు నీకు?

ఒక సాయంత్రం పిల్ల మెట్ల మీద కూర్చుని చదువుకుంటుంటే నా అసలు ప్రతి తెచ్చిచ్చాను. సైకిల్ అధ్యాయం దానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఆ మొక్కజొన్న కంకి సగం విరిచి ఇచ్చే చోటు పైకి చదివి వినిపించేది నాకు. "ఇందా, కాసేపు ఇది సదువుకో, బుర్ర తేలికైతది" అన్నాను.

"ఇప్పుడొద్దు ఆంటీ. అది డిలీటెడ్ గదా. అది సదివితే ఏది సిలబసో ఏది కాదో కన్ఫ్యూజ్ అయితున్న" అంది. తల ఎత్తలేదు. నేను పుస్తకం తీసుకుని లోపలికి వచ్చి, వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను.

పరీక్ష ఆదివారం పొద్దున పెట్టారు. ఆ రోజు స్టేడియంలో మ్యాచ్ కూడా ఉంది, మధ్యాహ్నానికి ఉప్పల్ రోడ్డంతా జనంతో నిండిపోతుందని త్వరగా ముగించాలనుకున్నారు. సెల్లార్‌లో కార్లన్నీ బయట పెట్టించి, ప్లాస్టిక్ కుర్చీలు దూరం దూరంగా వేశారు. హాల్ టికెట్లు కూడా ఇచ్చారు. నవ్వకండి, నిజంగా ఇచ్చారు. ఒకావిడ తన కొడుకు హాల్ టికెట్‌కు నాలుగు మూలలా పసుపు పెట్టి తెచ్చింది. తల్లులంతా ర్యాంపు దగ్గర గుంపుగా నిలబడి, లోపలికి వెళ్తున్న పిల్లలకు "తొందరపడకు, అన్నీ చదివి పెట్టు" అని జాగ్రత్తలు చెబుతున్నారు. లోపల ఏదో దేశ భవిష్యత్తు తేలుతున్నట్టు ఉంది ఆ వాలకం.

నేనూ ఒక ప్రశ్నపత్రం అడిగి తీసుకుని వెనక కుర్చీలో కూర్చున్నాను. అన్నిసార్లు చదివిన నవల కదా, చూద్దాం అనుకున్నాను. నాయిక స్నేహితురాలి రిబ్బను రంగు ఏది? స్టేషన్ మాస్టరు గది తలుపు ఏ దిక్కుకు ఉంది? మెస్‌లో బల్లలెన్ని? నాకు సగం రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నాకు తెలిసిందల్లా ఆ రిబ్బను వానలో తడిసి రంగు దిగుతుందని, అది చూసి కూడా ఈ అమ్మాయి మాట్లాడలేదని. రంగు ఏదైతే ఎవరికి కావాలి? చివరి పేజీలో ఆఖరి ప్రశ్న చూసి నా చెయ్యి ఆగిపోయింది.

"నాయిక తన స్నేహితురాలితో మాట్లాడకపోవడానికి కారణం: ఎ) కోపం బి) అసూయ సి) భయం డి) అహం."

తల తిప్పి పిల్ల వైపు చూశాను. అది కూడా అక్కడికే వచ్చినట్టుంది. పెన్ను పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత వంగి, ఒక గుండ్రాన్ని నింపడం మొదలుపెట్టింది.

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఆఖరుది ఏం పెట్టినవ్?"

"డి. అహం."

"నువ్వు నాకు జెప్పింది అది కాదు గదా? ఏడుపొస్తదని గదా మాట్లాడలే?"

"అది ఆప్షన్లల్ల లేదు ఆంటీ" అంది, నాకేదో అర్థం కాలేదన్నట్టు ఓపిగ్గా. "సార్ ఆన్సర్ కీల డి ఉంటది, నాకు దెల్సు. వదిలేద్దామంటే మార్కు పోతది. మీరు ఫికర్ జెయ్యకున్రి, నాకు ఫస్టొస్తది."

నేను నేరుగా సెక్రటరీ దగ్గరకు వెళ్లాను. ఓఎంఆర్ షీట్లు దొంతర పెట్టుకుంటున్నాడు.

"ఆ ఆఖరు ప్రశ్నకు జవాబు డి యేనా?"

"అవునక్కా, అహం. క్లియర్‌గ ఉన్నది గదా."

"ఎక్కడున్నది? ఏ పేజీల రాసిందావిడ అహం అని? ఆ పిల్ల నోరు తెరిస్తే ఏడ్పొస్తదయ్యా! నాలుగు పెట్టెలల్ల ఎట్ల ఇరికిస్తవ్ దాన్ని?"

"మరి కొల్వకపోతే ఎవరు సదివిన్రో ఎట్ల తెలుస్తదక్కా?"

"ఎవరికి అన్నం సయించలేదో అడుగు, తెలుస్తది!"

"దానికి మార్కులెట్ల ఏస్తం?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు తిడ్తున్నవ్ గానీ అక్కా, జర సూడు. మన సెల్లార్ల గింతమంది పోరగాండ్లు ఒక నవల పట్టుకొని నెల రోజులు కూసున్నరు. ఎన్నడన్న జరిగిందా? పరీక్ష లేకుంటే ఒక్కడు ముట్టునా?" అన్నాడు.

ఆ మాట నిజమే. నిజమైనంత మాత్రాన కోపం తగ్గుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు నా సంగతి తెలియదు. "ముట్టకపోతే పోనీ! ముట్టి పాడు జేసుడుకన్న ముట్టకపోవుడే నయ్యం!" అని చెప్పి వచ్చేశాను.

పిల్లకే మొదటి స్థానం వచ్చింది. రెండో వాడికీ దానికీ మధ్య చాలా తేడా ఉందట. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. పిల్ల పాస్‌పోర్ట్ ఫోటో పెద్దది చేసి, చుట్టూ బంగారు రంగు ఆకులు వేసి, కింద మార్కులు రాశారు. ఆ మూలా ఈ మూలా అసోసియేషన్ సభ్యుల ఫోటోలు. నవల పేరు ఎక్కడుందా అని వెతికాను. లేదు.

పిల్ల నాన్న మిఠాయి డబ్బాతో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "అంతా మీ చలవే మేడం గారూ. ఇచ్చిన మాట మాటే అండీ. నెలకొక పుస్తకం ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేను అనుకున్నట్టు కాదండీ, కథల పుస్తకాలు జ్ఞాపకశక్తికి చాలా మంచివి. బిట్లు మాత్రం నేనే తయారు చేసుకుంటాను, మీకు శ్రమ వద్దు."

"బిట్లెందుకు సార్, ఊరికె సదువుకోనియ్యున్రి" అన్నాను.

"ఊరికే అంటే గుర్తుండదు కదండీ" అన్నాడు. నా చేతిలో మైసూర్‌పాక్ పెట్టాడు. ఏం చెప్పాలి ఈ మనిషికి? అడిగినది అడిగినట్టు ఇచ్చాడు. పైగా సంతోషంగా ఇచ్చాడు. సరే, పుస్తకాలు పిల్ల చేతికి వెళ్తే చాలు, ఆ తర్వాత సంగతి పిల్లా పుస్తకమూ చూసుకుంటాయి అనుకుని, మిఠాయి నోట్లో వేసుకున్నాను.

జూన్‌లో కాలేజీ మొదలైంది. పొద్దున నేను మెట్రోకు బయల్దేరేసరికే పిల్ల బస్సెక్కి వెళ్లిపోయేది. ఒక శనివారం సాయంత్రం మెట్ల దగ్గర ఎదురుపడింది. మెడలో ఐడీ కార్డు, వీపున బండెడు బ్యాగు, కళ్ల కింద నలుపు. దాన్ని అక్కడే ఆపి, లోపలికి పరుగెత్తి, మేం ఇద్దరం కలిసి ఎంచి పెట్టుకున్న మంచుదేశం ఆవిడ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. ఆవిడ రాసినవాటిలో అన్నిటికన్నా కోపిష్టి పిల్ల అందులో ఉంది. నాకు సంతోషం ఆగడం లేదు. ఇప్పుడు మొదటి పేజీ ఇక్కడే చదివేస్తుంది చూడు అనుకున్నాను.

పిల్ల పుస్తకాన్ని తిరగేసి చివరి పేజీ నంబరు చూసింది. అధ్యాయాలు ఎన్నున్నాయో వేలితో లెక్కబెట్టింది. తర్వాత తలెత్తింది.

"ఆంటీ, ఇందుల ఇంపార్టెంట్ ఏంది?"

"ఏం లేదు. ఇంపార్టెంట్ ఏం లేదే ఇందుల. ఊరికె సదువు."

పిల్ల నా ముఖంలోకి చూసింది. ఎగతాళి కాదు, అలసట కూడా కాదు. అర్థం చేసుకుందామని చూసింది.

"ఏం లేకుంటే ఎందుకు సదువుడు ఆంటీ?"

నాకు ఒళ్లంతా మండిపోయింది. పిల్ల మీద కాదు, దాని మీద నాకు కోపం ఎట్లా వస్తుంది? ఏడుపు కూడా వచ్చింది. పుస్తకం దాని చేతిలోంచి లాక్కుని, మెట్టు మీద చతికిలబడి, మొదటి పేజీ తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. కూరల సంచితో పైకి వెళ్తున్న ఎవరో నన్ను చుట్టి దాటుకుని వెళ్లారు. పిల్ల బ్యాగు దించకుండా అట్లాగే నిలబడి ఉంది. రెండో పేజీ తిప్పేసరికి పైనుంచి వాళ్ల నాన్న దాన్ని పేరు పెట్టి పిలిచాడు. పిల్ల ఒక కాలు పై మెట్టు మీద వేసింది. నేను గొంతు పెంచి చదివాను.